చనిపోయిందనుకున్న కంప్యూటర్

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో కంప్యూటర్ శిక్షణ కేంద్రం బాధ్యులు చేసిన ప్రసంగ పాఠం)



శిక్షణ కేంద్రం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. జమాఖర్చులు కోశాధికారి గారు ఇప్పుడే చదివి వినిపించారు కాబట్టి మళ్లీ ఆ అంకెల జోలికి వెళ్లను. ఆ లెక్కల్లో 'కొత్త కంప్యూటర్ కొనుగోలు' అని ఒక పద్దు వచ్చింది, మీలో కొందరు గమనించే ఉంటారు. ఆ పద్దు రాయాల్సిన అవసరమే లేదు. అది నా తప్పు వల్ల పడిన ఖర్చు. ఆ సంగతి మీ ముందు చెప్పాలనే లేచాను.

మన దాత ఒకాయన దుబాయి నుంచి పూర్తిగా తిరిగి వచ్చేస్తూ తన కంప్యూటర్‌ను కేంద్రానికి ఇచ్చారు. మంచి మెషీన్. ఏడాది పాటు అమ్మాయిలు దాని మీదే ట్యాలీ నేర్చుకున్నారు. ఒకరోజు పొద్దున బటన్ నొక్కితే ఏమీ రాలేదు. లైటు లేదు, ఫ్యాన్ లేదు, బీప్ లేదు. నేను నాలుగైదు సార్లు నొక్కి చూశాను. సాయంత్రం తెలిసిన మెకానిక్‌ను పిలిపించాను. అతను తొందరలో ఉన్నాడు. నిలబడే రెండుసార్లు బటన్ నొక్కి, వెనకాల చెయ్యి పెట్టి చూసి, "బోర్డు పోయింది సార్, దీనికి పెట్టేకంటే కొత్తది కొనుక్కోండి" అన్నాడు. నేను నమ్మేశాను. ఇచ్చిన దాతకు ఫోన్ చేసి మీ కంప్యూటర్ పోయిందని చెప్పాను. ఆయన చాలా నొచ్చుకుని, పాడైన వస్తువు ఇచ్చాననుకుంటారేమోనని, కొత్తదానికి కూడా తనే డబ్బు పంపారు. పాతదాన్ని దాని వైరుతోనే చుట్టి గోడౌన్‌లో పెట్టించాను.

ఎనిమిది నెలల తర్వాత ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె, విప్పి చూసి నేర్చుకుంటానని దాన్ని బయటికి తీసింది. ఆ వైరుకు ఉన్న లావు ప్లగ్గు మన స్విచ్ బోర్డులో పట్టలేదు. అడాప్టర్ కనపడలేదు. పక్కనున్న మానిటర్ వైరు పీకి దీనికి పెట్టింది. బటన్ నొక్కింది. ఫ్యాన్ తిరిగింది. "సార్, ఇది బాగానే ఉంది కదా!" అని పిల్ల కేక పెట్టింది.

జరిగింది ఇదీ. దుబాయిలో వాడే ప్లగ్గు బ్రిటిష్ రకం. మూడు పలక కాళ్లు ఉంటాయి, లోపల చిన్న గొట్టం లాంటి ఫ్యూజు ఉంటుంది. మన ప్లగ్గుల్లో ఆ ఫ్యూజు ఉండదు కనుక మనకు తట్టదు. ఆ ఫ్యూజు కాలిపోయింది, అంతే. స్క్రూడ్రైవర్ మొనతో పైకి లేపి మల్టీమీటర్ పెడితే కరెంటు దాటలేదు. వేరే వైరు పెట్టి చూడాలన్న ఆలోచన నాకూ రాలేదు, ఆ మెకానిక్‌కూ రాలేదు. ఆ దాత ఇక్కడే, ఈ సభలోనే కూర్చున్నారు. పేరు చెప్పవద్దన్నారు. అందరి ముందూ ఆయనను క్షమాపణ అడుగుతున్నాను.

అప్పటి నుంచి కేంద్రంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మీ ఇళ్లలో, దుకాణాల్లో, ఆఫీసుల్లో కూడా కంప్యూటర్లు ఉన్నాయి కాబట్టి అది మీకూ పనికొస్తుంది.

మొదట, 'ఆన్ కావడం లేదు' అనే మాటను విడదీయాలి. బటన్ నొక్కితే ఏమీ రాకపోవడం ఒక జబ్బు. ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోవడం ఇంకో జబ్బు. ఫ్యాన్లు తిరుగుతూ తెర నల్లగా ఉండటం మూడోది. అందులో కరెంటు సంగతి దాదాపు బాగున్నట్టే, ఎక్కువసార్లు ర్యామ్ దగ్గరో మానిటర్ వైరు దగ్గరో ఆగుతుంది. మెకానిక్‌కు ఫోన్ చేసేటప్పుడు ఈ మూడింట్లో ఏదో చెప్పండి, సగం పని అక్కడే అయిపోతుంది.

ఏమీ రాకపోతే గోడ దగ్గర మొదలుపెట్టాలి. అదే సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. తర్వాత ఎక్స్‌టెన్షన్ బాక్స్. తర్వాత యూపీఎస్. మన ఊళ్లలో అసలు దొంగ చాలాసార్లు యూపీఎస్సే. అందులో 12 వోల్టుల చిన్న సీల్డ్ బ్యాటరీ ఉంటుంది, రెండు మూడేళ్లకు అది నీరసించిపోతుంది. బ్యాటరీ పూర్తిగా పోతే, గోడలో కరెంటు ఉన్నా కొన్ని చౌక రకం యూపీఎస్‌లు అసలు ఆన్ కావు. మనం కంప్యూటర్ పోయిందని ఏడుస్తాం. యూపీఎస్‌ను తప్పించి నేరుగా గోడకు పెట్టి చూస్తే తేలిపోతుంది. ఆ తర్వాత వైరు మార్చాలి. సీపీయూకూ మానిటర్‌కూ ఎక్కువగా ఒకే రకం వైరు ఉంటుంది కాబట్టి ఒకదానిది ఇంకోదానికి పెట్టడానికి పైసా ఖర్చు లేదు. ఎలుకలు కొరికిన వైరును కూడా ఇలాగే పట్టుకున్నాం.

సీపీయూ వెనక, వైరు పెట్టే చోట చిన్న స్విచ్ ఉంటుంది. ఒకవైపు గీత, ఒకవైపు సున్నా. గీత వైపు ఉంటేనే ఆన్. ఊడ్చేవాళ్ల చీపురు తగిలినా అది పడిపోతుంది. నవ్వకండి, నిరుడు రెండుసార్లు జరిగింది. పాత మెషీన్లలో దాని పక్కనే ఎర్రటి స్విచ్ ఇంకొకటి ఉంటుంది, దాని మీద 115, 230 అని రాసి ఉంటుంది. మన దేశంలో 230 మీదే ఉండాలి. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన పాత కంప్యూటర్లు 115 మీద ఉండవచ్చు. చూడకుండా ప్లగ్గు పెడితే ఢమాల్‌మని పేలుతుంది, దానికి ఇక మందు లేదు. అమెరికా సరుకు ఇచ్చే దాతలు దయచేసి ఈ సంగతి మాకు ముందే చెప్పండి.

ఇంతవరకూ అన్నీ బాగుంటే అప్పుడు మూత తీయాలి. ప్లగ్గు పీకేసి, బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. కొన్ని మెషీన్లు ఈ ఒక్క పనికే మళ్లీ లేచి కూర్చుంటాయి. ఒంట్లోని స్టాటిక్ పోవడానికి లోహపు బాడీని ఒకసారి ముట్టుకుని పని మొదలుపెట్టండి.

లోపల బోర్డు మీద రెండు కరెంటు కనెక్టర్లు ముఖ్యం. పెద్దదానికి 24 పిన్నులు, బాగా పాతవాటికి 20. ప్రాసెసర్ పక్కన ఇంకోటి, నాలుగో ఎనిమిదో పిన్నులు. దుమ్ము దులిపేటప్పుడు ఇవి వదులవుతాయి. రెండింటినీ గట్టిగా నొక్కండి. ముందు బటనే చెడిపోయి ఉండవచ్చు కూడా. రోజుకు పదిమంది నొక్కే బటన్ అది. దాని సన్నటి వైరు బోర్డు మీద రెండు పిన్నులకు తగిలించి ఉంటుంది, పక్కనే పవర్ స్విచ్ అని పొట్టి అక్షరాల్లో రాసి ఉంటుంది. వైరు తీసేసి, ప్లగ్గు మళ్లీ పెట్టి, ఆ రెండు పిన్నులను మాత్రమే స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలిపితే మెషీన్ లేవాలి. లేచిందంటే పోయింది బటనే. మేము రీసెట్ బటన్ వైరును అక్కడికి మార్చి నెలల తరబడి నడిపిన మెషీన్ ఒకటుంది.

అప్పటికీ లేవకపోతే ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించాలి. గోడ కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ఇచ్చే డబ్బా అది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే పద్ధతి తెచ్చాక ఈ డబ్బాలన్నీ ఒక లెక్కలోకి వచ్చాయి. పరీక్ష ఇలా చేస్తాం. ప్లగ్గు పీకి, 24 పిన్నుల కనెక్టర్‌ను బోర్డు నుంచి ఊడదీస్తాం. అందులో ఆకుపచ్చ వైరు ఒక్కటే ఉంటుంది. దాన్ని ఏదో ఒక నల్ల వైరుతో, వంచిన పేపర్ క్లిప్పుతో కలుపుతాం. అప్పుడు ప్లగ్గు పెడితే డబ్బా ఫ్యాన్ తిరగాలి. తిరగలేదంటే చాలావరకు డబ్బా పోయినట్టే. తిరిగినంత మాత్రాన బాగున్నట్టు కాదు, మల్టీమీటర్‌తో కొలవాలి. పసుపు వైరులో 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎర్ర వైరులో 4.75 నుంచి 5.25 ఉండాలి. ఊదా వైరులో బటన్ నొక్కకముందు కూడా 5 వోల్టులు ఉండాలి, బోర్డును నిద్రలేపేది అదే. కొన్ని కంపెనీల మెషీన్లలో కనెక్టరే వేరుగా ఉంటుంది, కొన్నిటిలో వైర్లన్నీ నల్లగానే ఉంటాయి. అలాంటివాటితో క్లిప్పు ఆట ఆడవద్దు.

ఒక్క హెచ్చరిక. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పవద్దు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో మూడు వందల వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. మా దగ్గర ఒక డబ్బాలో నుంచి మాడు వాసన వస్తుంటే ఫ్యాన్ సందులోంచి టార్చి వేసి చూశాం. బల్లి పడి మాడిపోయి ఉంది. వెచ్చగా ఉంటుందని దూరుతాయి. దాన్ని తీయడానికి కూడా విప్పలేదు, డబ్బానే మార్చాం. కొత్త డబ్బా కొనేటప్పుడు మరీ చౌకది కొనవద్దని నా మాట. అది పోతూ పోతూ బోర్డును కూడా తీసుకుపోతుంది.

ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. ప్లగ్గు పీకి, ప్రాసెసర్, ఒక ర్యామ్ మాత్రం ఉంచి మిగతావన్నీ తీసి చూడాలి. ముందు వైపు యూఎస్‌బీ సాకెట్‌లో వంగిన పిన్ను వల్ల కూడా ఇలా అవుతుంది. ఫ్యాన్ తిరిగి తెర రాకపోతే ర్యామ్‌ను తీసి, దాని బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ బిగించండి. మన వానాకాలం తేమకు ఇది తరచూ కావాలి. బోర్డు మీది కెపాసిటర్ల తలలు ఉబ్బి కనిపిస్తే మాత్రం అది మెకానిక్ పని.

ఇన్ని దాటాకే 'బోర్డు పోయింది' అనే మాట ఒప్పుకుంటాం. బోర్డు పోయినా హార్డ్ డిస్క్ చాలావరకు బాగానే ఉంటుంది. మన స్కాలర్‌షిప్ పిల్లల జాబితా ఉన్న ఆఫీసు కంప్యూటర్, పంపిణీకి రెండు రోజుల ముందు ఆగిపోయినప్పుడు అందరం కంగారు పడ్డాం. డిస్కు ఊడదీసి పక్క మెషీన్‌కు తగిలిస్తే గంటలో జాబితా చేతికి వచ్చింది. ఆ రోజు మళ్లీ దరఖాస్తులన్నీ రాయించాల్సి వచ్చి ఉంటే తల్లులను ఎండలో నిలబెట్టేవాళ్లం.

మీలో చాలామంది పాత కంప్యూటర్లు పాతసామాన్ల వాళ్లకు వేస్తున్నారు. అలా వేసే ముందు ఒక్కసారి మాకు ఫోన్ చేయండి. ఆన్ కానివి కూడా తీసుకుంటాం, కానీ వైరుతో సహా ఇవ్వండి, ఎప్పుడు, ఎలా ఆగిపోయిందో ఒక ముక్క రాసి అంటించండి. పిడుగు పడ్డ రోజా, ఇల్లు మారిన రోజా అన్నది తెలిస్తే మా పిల్లలకు సగం దారి తెలుస్తుంది. మీ సొంత కాగితాలు, ఫోటోలు డిస్కులో ఉంటే ముందే తీసుకోండి. ఎందుకూ పనికిరాని బోర్డులను మేము తుక్కులో వేయం, ఈ-వ్యర్థాలు తీసుకునే గుర్తింపు ఉన్నవాళ్లకే ఇస్తాం.

దుబాయి కంప్యూటర్ మూడో టేబుల్ మీద పనిచేస్తోంది. దాన్ని బతికించిన అమ్మాయి ఇప్పుడు ఆదివారాలు మిగతా పిల్లలకు ఈ పరీక్షలన్నీ చేయించి చూపిస్తోంది. వాళ్లకు ఉన్నది ఒకే మల్టీమీటర్, దాని ఒక వైరు తెగి టేపు చుట్టి ఉంది. ఎవరి ఇంట్లోనైనా వాడనిది ఉంటే, భోజనాలయ్యాక నా చేతికి ఇచ్చి వెళ్లండి.