ఒంటబట్టిన మాటలు: జీర్ణవ్యవస్థ పదజాలంపై స్మారకోపన్యాసం

చెప్పులు అరుగుతాయి, గంధపుచెక్క అరుగుతుంది, తిన్న అన్నమూ అరుగుతుంది. తెలుగులో మూడింటికీ ఒకటే క్రియ. సంస్కృతం నుంచి వచ్చిన ‘జీర్ణం’ కూడా ఈ దారినే నడిచింది. పాడుబడిన గుడిని బాగుచేస్తే జీర్ణోద్ధరణ, కడుపులో పడ్డది కరిగిపోతే జీర్ణం. రెండు వేర్వేరు కుటుంబాల భాషలు ఒకే పోలిక దగ్గర కలుసుకున్నాయి. పోలిక ఉత్తది కాదు. పళ్ల కింద నలిగి, జఠరంలో చిలికినట్టయి, ఆమ్లానికీ ఎంజైములకూ తన రూపం పోగొట్టుకున్నాకే ముద్ద ఒంటబడుతుంది.

ఈ ‘ఒంటబట్టడం’ అనే మాట దగ్గరే యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకొస్తారు. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. సోదరులు ఇద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు బలితీసుకుంది. తనకూ అదే జబ్బు వస్తే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో గట్టెక్కారు. తరవాత అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో ఫోలిక్ ఆమ్లం తయారుచేయించారు. అది 1945 నాటి మాట. స్ప్రూ రోగులకు ఆ ఆమ్లమే మందయింది.

స్ప్రూ అనేది డచ్చివాళ్ల మాట. దాని మూలార్థం నోటిపూత. ఈ జబ్బులో నాలుక ఎర్రబడి, నోరు పూసి, కారం తగిలితే ప్రాణం పోయినంత పనవుతుంది. డచ్చివాళ్లు కంటికి కనబడిన నోటిని చూసి పేరు పెట్టారు. ఆయుర్వేదం లోపలి చోటును చూసింది. అన్నం అరిగేదాకా పట్టి ఉంచేది గ్రహణి. అది పట్టు తప్పితే వచ్చే జబ్బుకూ గ్రహణి అనే పేరు. ఇంట్లోవాళ్లు ఈ రెండూ ఎరగరు. ‘తిన్నది ఒంటబట్టడం లేదు’ అంటారు. పోషకాలు పేగు గోడ దాటి రక్తంలో కలవడం లేదని పాఠ్యపుస్తకం ఒక వాక్యమంతా చెప్పేదాన్ని ఒక్క క్రియ చెప్పేసింది. అదే పుస్తకం దానికి ‘శోషణ’ అని పేరు పెట్టి, ఒంటబట్టడాన్ని గడప బయటే ఉంచింది. ఇది చిన్న నష్టం కాదు.

పాశ్చాత్య వైద్యం పేర్లు గంభీరంగా వినిపిస్తాయి కానీ పుట్టుకలో అవి చాలా సాదా మాటలు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో శవాలు కోసి చూసిన హెరోఫిలస్, జఠరం దాటగానే ఉన్న పేగు పన్నెండు వేళ్ల వెడల్పంత పొడవుందని దానికి ఆ లెక్కే పేరుగా పెట్టాడు. ఆ పన్నెండు గ్రీకు నుంచి అరబ్బీకి, అరబ్బీ నుంచి లాటిన్‌కు చేరి డుయోడినం అయింది. దాని తరవాతి జెజునం అంటే ఉపవాసమున్నది. కోసినప్పుడల్లా ఖాళీగా కనబడేదట. సీకం అంటే గుడ్డిది, ఒక కొస మూసుకుపోయింది కాబట్టి.

ఇలాంటి కొలతలూ పోలికలూ తెలుగువాళ్లకు లేవా? మాంసం దుకాణానికి వెళితే చాలు. అక్కడ కాలేయం కార్జం, పేగులు బోటి. కోడి కడుపులో గింజలు నూరే గట్టి కండ కందనకాయ. జంతుశాస్త్రం పుస్తకంలో ఇదే అంతరజఠరం. చేపలు కోసే మనిషి వేలు చూడాలి. పొట్ట చీల్చాక పచ్చగా మెరిసే చిన్న తిత్తి దగ్గర ఆ వేలు నెమ్మదిస్తుంది. అది చేదుకట్టు. పగిలిందా, ముక్కంతా చేదు. పిత్తాశయమనే మాట నేర్వకముందే పైత్యరసం ఒక సంచిలో నిలవ ఉంటుందనే శరీరశాస్త్రం ఆ వేలికి తెలుసు.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల చదువులకు తెలుగులో పుస్తకాలు అందించింది. ఆ మేలు మరవరానిది. అయితే తీసుకున్నవి ఎక్కువగా సంస్కృత పదాలు. అవి దేశమంతా ఒకేలా ఉంటాయన్న నమ్మకమూ పూర్తిగా నిలవలేదు. తెలుగు విద్యార్థికి పాంక్రియాస్ క్లోమం, హిందీ విద్యార్థికి అగ్న్యాశయం. ప్రాచీన గ్రంథాల్లోని క్లోమం ఏ అవయవమో పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు.

మాట తేడా వస్తే ప్రాణం మీదికి వచ్చేది డాక్టరు గదిలో. ‘కడుపు’ అంటే జఠరం, ఉదరం, గర్భం కూడా. అందుకే పొత్తికడుపు, డొక్క, బొడ్డు అనే మాటలు వాడుక చేసిపెట్టుకుంది. అపెండిసైటిస్‌ను జనం ‘24 గంటల నొప్పి’ అంటారు. ఆలస్యం చేయకూడదన్న హెచ్చరిక పేరులోనే ఉంది. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగిందని రోగి చెబితే సగం పరీక్ష అయినట్టే. ఇప్పుడు వీటన్నిటినీ ‘గ్యాస్’ మింగేస్తోంది. ఉబ్బరం గ్యాస్, పులితేన్పులు గ్యాస్, గుండెపోటు నొప్పి కూడా గ్యాసే అనుకుని సోడా తాగి పడుకునేవాళ్లున్నారు.

వైద్య విద్యార్థి మెలీనా అని చదువుకుంటాడు. గ్రీకులో దాని అర్థం నలుపు. ఎదురుగా కూచున్న ముసలమ్మ ‘దొడ్డికి నల్లగా, తారులా పోతోంది’ అంటుంది. పైపేగుల్లోనో జఠరంలోనో కారిన రక్తం రంగు మారి వస్తోందేమోనని ఆ రెండో మాట వినగానే అతనికి తట్టాలి. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది కాబట్టి, వెంటనే ఆమె భాషలోనే ఇంకో ప్రశ్న వేయగలగాలి: “అమ్మా, రక్తం పట్టడానికి మాత్రలేమైనా వేసుకుంటున్నారా?”