వణుకు జబ్బు - మెదడులో వాపు - స్కానింగు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను. బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. చదివి తెలుసుకున్నది మనవి చేస్తాను.

"మెదడులో వాపును స్కానింగులో చూస్తారట, మా ఆయనకు తీయించమంటారా అన్నా?" అని ఈమధ్య ఒక సోదరి అడిగారు. ఆమె భర్తకు పార్కిన్సన్ వ్యాధి. బంగారం కుదువ పెట్టడానికైనా సిద్ధంగా ఉన్నారు. అందుకే ఈ అంశం ఎంచుకున్నాను.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బును వివరించాడు. నడిమెదడులో నల్లని భాగం ఒకటుంది. అక్కడి కణాలు డోపమైన్ తయారుచేస్తాయి. అవి నశించేకొద్దీ వణుకు, బిగుసుకుపోవడం, నడక మందగించడం కనిపిస్తాయి. 1988లో కెనడాలో మెక్‌గీర్ దంపతుల బృందం, మరణించిన రోగుల మెదళ్ళలో మైక్రోగ్లియా కణాలు ఆ నల్లని భాగంలో రెచ్చిపోయి ఉన్నాయని చూపింది. ఇవి మెదడుకు కాపలాదార్లు. జొన్నచేలో మంచె మీది మనిషి వడిసెలతో పిట్టలను తోలాలి గాని, ఆగకుండా రాళ్ళు రువ్వితే కంకులే రాలతాయి గదా! దీన్నే శోథ అంటారు, వాడుకలో వాపు. ఇది పైకి కనిపించదు, మామూలు ఎం.ఆర్.ఐ.లోనూ తెలియదు.

బతికున్న మనిషిలో దీన్ని చూసేది పెట్ స్కాను. రెచ్చిన మైక్రోగ్లియాలో టి.ఎస్.పి.ఓ. అనే ప్రోటీను పెరుగుతుంది. దానికి అంటుకునే పదార్థానికి రేడియోధార్మిక కార్బన్-11 తగిలించి నరానికి ఎక్కిస్తారు. ఎక్కువ అంటుకున్నచోట బొమ్మ వెలుగుతుంది. ఈ కార్బన్ ప్రతి 20 నిమిషాలకు సగమైపోతుంది. అందుచేత దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం దగ్గరలోనే ఉండాలి. సికింద్రాబాదులో రైలెక్కిస్తే జనగామ చేరేసరికి ఎనిమిదో వంతు కూడా మిగలదు. మానుకోట మాటే వద్దు. రైలే లేని భూపాలపల్లి సంగతి ఇక చెప్పేదేముంది!

లండన్ పరిశోధకులు 18 మంది రోగులకు ఇలా తీసిన ఫలితాలు 2006లో వచ్చాయి. వాపు నడిమెదడు దాటి ఇతర భాగాల్లోనూ కనిపించింది. కాని జబ్బు తీవ్రతకూ వెలుగుకూ పొంతన కుదరలేదు. కొందరికి సుమారు రెండేళ్ళ తర్వాత మళ్ళీ తీసినా వెలుగు పెద్దగా మారలేదు. పైగా ఆ ప్రోటీను వేరే కణాల్లోనూ ఉంటుంది. కొత్తగా వచ్చిన పదార్థాలైతే పుట్టుకతో వచ్చిన జన్యుభేదాన్నిబట్టి ఒకరికి బాగా, ఇంకొకరికి తక్కువగా అంటుకుంటాయి.

మరి ఎందుకీ శ్రమ? మందుల పరీక్షకు. 2015లో ప్రచురించిన ఒక పరిశోధనలో, వాపుపై పనిచేసే మందును 8 వారాలు ఇస్తే స్కానులో వెలుగు తగ్గింది. ఆ మందు పార్కిన్సన్ చికిత్సగా ఇంతవరకు రాలేదు. అయినా ఇప్పటి మాత్రలు డోపమైన్ లోటును పూడుస్తాయేగాని జబ్బును ఆపవు. ఆపే మందు కోసం వెతికేవారికి ఈ స్కాను అవసరం. మన ఇంటి రోగికి రేపు వేయవలసిన మాత్రను ఇది మార్చదు. ఆ సోదరికి బంగారం బీరువాలోనే ఉంచమన్నాను. నరాల డాక్టరు చేయి పట్టి చూసి, నడిపించి చూసి ఈ జబ్బు గుర్తిస్తాడు. అనుమానముంటే డోపమైన్ సంగతి తెలిపే స్కాను వేరే ఉంది.

వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కాళ్ళూచేతులూ విసరడం వణుకుకు ఏళ్ళ ముందే రావచ్చు. ఇవి ఉన్నంతమాత్రాన ఇదే జబ్బని భయపడకండి. అక్షరం కూడా చిన్నదైపోతుంది. ఒక మిత్రుని సంతకం కలవలేదని బ్యాంకులో చెక్కు తిప్పి పంపారు. ఇంట్లో ముసలితనమని సరిపెట్టుకున్నారు. మీ పాత సంతకం, నేటి సంతకం పక్కపక్కన పెట్టి చూడండి.

లెవోడోపా మాత్ర భోజనానికి అరగంట ముందు, గడియారం చూసి వేసుకోవాలి. పప్పు, మాంసంతో కలిస్తే సరిగా ఎక్కదు. హఠాత్తుగా మానరాదు. దూలగొండి గింజల్లోనూ లెవోడోపా ఉంది. మద్రాసులో దామోదరన్, రామస్వామి 1937లోనే వేరుచేశారు. అయితే మోతాదు తెలియని పొడిని డాక్టరుకు చెప్పకుండా మాత్రతో కలిపి వాడకండి. అడవి దగ్గరున్న భూపాలపల్లి మిత్రులకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.