గుల్ల కడుపులో జిగురు



కాకినాడ తీరంలో సముద్రం నీరు వెనక్కు తీసినప్పుడు ఆడవాళ్లు బురదలో గుల్లలు ఏరతారు. మాంసం కూరకు, చిప్పలు సున్నానికి. ఏరిన గుల్లల్ని శుభ్రమైన ఉప్పునీళ్లలో ఒక రాత్రి ఉంచితే, తెల్లారేసరికి అడుగున మట్టి పోగులు కనబడతాయి. అది గుల్ల వేసిన పెంట. నీళ్లలో ఉన్నా వెంటనే చెదిరిపోదు. ఎందుకని? జిగురు దాన్ని పట్టి ఉంచుతుంది.

గుల్లకు తలకాయ లేదు. పళ్లూ లేవు. చిప్పలు కొంచెం తెరిచి నీళ్లు లోపలికి లాగుతుంది. ఆ నీళ్లలో కంటికి కనబడనంత సన్నని నాచు ఉంటుంది. అదే దాని తిండి. మొప్పల మీది జిగురుకు ఆ నాచు అంటుకుంటుంది. మొప్పల మీద నూగు ఉంటుంది. ఆ నూగు కదులుతూ జిగురును నోటివైపు నెడుతుంది.

కడుపులో ఇంకా వింత ఉంది. అక్కడ గాజుపుల్లలా మెరిసే ఒక పుల్ల ఉంటుంది. గాజుది కాదు, గట్టిపడ్డ జిగురుదే! అది ఆగకుండా తిరుగుతుంది. కదురుకు నూలు చుట్టుకున్నట్టు, తిండి అంటిన జిగురు పోగులు దానికి చుట్టుకుంటాయి. పుల్ల కొస కొంచెం కొంచెం కరుగుతుంటే, తిండిని అరిగించే రసాలు బయటికొస్తాయి. కరిగిన మేరకు వెనక నుంచి మళ్లీ పెరుగుతుంది.

ఇంత జిగురు ఎక్కడిది? ఏ ప్రాణి ఒళ్లయినా కంటికి కనబడని చిన్న చిన్న గదులతో కట్టిన ఇల్లు లాంటిది. ఆ గదుల్ని కణాలంటారు. గుల్ల పేగు గోడలో కొన్ని కణాల పని జిగురు తయారుచెయ్యడమే. నిండిన చెంబులా ఉబ్బి, పేగులోకి ఒంపేస్తాయి. ఇసుక గీరుకోకుండా గోడను కాపాడేది ఆ జిగురే. మనిషి పేగుల్లోనూ ఇలాంటి కణాలున్నాయి. జిగట విరేచనాలప్పుడు పడే బంక వాటిదే.

అయితే జిగురుకు మంచీ చెడూ తెలియదు. మురుగు కలిసిన నీళ్లలో రోగక్రిములూ నాచుతో పాటే లోపలికి చేరతాయి. గుల్ల బాగానే ఉంటుంది. తిన్నవాళ్లకే జబ్బు. 1988లో చైనాలోని షాంఘై నగరంలో దాదాపు 3 లక్షల మందికి హెపటైటిస్-ఎ అనే కామెర్ల జబ్బు వచ్చింది. మురుగు చేరిన చోట పెరిగిన గుల్లల్ని సరిగ్గా ఉడికించకుండా తినడమే కారణమని తేలింది. కాకినాడలో దొరికే ఒక రకం గుల్లకు అవి దగ్గరి చుట్టాలే.

రాత్రంతా నీళ్లలో ఉంచితే మట్టి పోతుంది. క్రిములన్నీ పోవు. వేడి తగలగానే చిప్ప విచ్చుకుంటుంది, కానీ లోపలి మాంసం అప్పటికి పచ్చిగానే ఉండొచ్చు. విచ్చుకున్నాక కూడా బాగా తెర్లనివ్వాలి. ఇక సముద్రపు నీటి రంగు మారి, నాచు విపరీతంగా పెరిగిన రోజుల్లో గుల్లల జోలికి పోకూడదు. ఆ నాచుల్లో కొన్నిటి విషం ఎంత ఉడికించినా పోదు.