కిరీటం కాదు, గున్నమ్మ తెగువ కావాలి

(విశాఖపట్నంలో దళిత మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాయకత్వం అంటే ఏమిటో ఇద్దరు ఆడవాళ్ళ కథతో చెప్పుకుందాం.

1900 మార్చి 28న, ఇప్పటి ఘానాలోని కుమాసీలో, బ్రిటిష్ గవర్నరు హాడ్జ్‌సన్ అసాంటే పెద్దల్ని పిలిచి వాళ్ళ బంగారు పీఠం తెచ్చిమ్మన్నాడు. వాళ్ళ రాజు ప్రెంపేని 1896లోనే పట్టుకుపోయారు. ఆ పీఠం కూర్చునే కుర్చీ కాదు, జాతి ప్రాణం అందులో ఉందని వాళ్ళ నమ్మకం. పెద్దలు తటపటాయిస్తుంటే ఎజిసు రాజమాత యా అసాంటెవా లేచి, మగవాళ్ళు రాకపోతే ఆడవాళ్ళమే పోరాడతాం అందని చెప్పుకుంటారు. కుమాసీ కోటని ముట్టడించారు. చివరికి ఓడిపోయారు. ఆమెని సీషెల్స్ దీవులకు పంపేస్తే 1921లో అక్కడే చనిపోయింది. పీఠం మాత్రం తెల్లవాడికి చిక్కలేదు.

అయితే ఒక మాట. అసాంటే రాజ్యంలో బానిసలు కూడా ఉండేవారు. ఏ రాజ్యాన్నయినా అడుగున ఉన్నోళ్ళ వైపు నుంచి చూడాల్సిన వాళ్ళం మనం. ఆమె తెగువని తీసుకుంటాం, కిరీటానికి దండం పెట్టం.

కిరీటం లేని నాయకురాలు మన దగ్గరే ఉంది. మందస జమీందారీలో గుడారి రాజమణిపురం సాసుమాను గున్నమ్మ. ఆ ఊరు ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా, 1940లో మన విశాఖపట్నం జిల్లాయే. నాగలికి కర్ర కావాలి, పొయ్యికి కర్ర కావాలి. అడవేమో జమీందారుదన్నారు. 1940 మార్చిలో పక్కనే పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. రైతులు కర్ర కొట్టుకొచ్చారు. పోలీసులు వచ్చి మనుషుల్ని పట్టుకున్నారు. ఏప్రిల్ 1న గున్నమ్మ అడ్డం నిలబడి, మావాళ్ళని వదలండంది. అప్పటికామె గర్భిణి. పోలీసులు కాల్పులు జరిపారు. ఆమె, మరికొందరు రైతులు నేలకొరిగారు. 1948 చట్టంతో ఆ జమీందారీలే రద్దయ్యాయి.

గున్నమ్మని ఎవరు నాయకురాలిగా ఎన్నుకున్నారు? ఎవరూ లేదు. ఆ పూట అవసరం పడింది, నిలబడింది. అదే నాయకత్వం.

ఇప్పుడు మన విశాఖ సంగతి చూద్దాం. ఈ రేవు 1933లో తెరిచింది మాంగనీసు ఖనిజాన్ని ఓడలకెత్తడానికి, మన బతుకులు బాగుచెయ్యడానికి కాదు. 2021 జనవరిలో ఉక్కు ఫ్యాక్టరీని అమ్మే నిర్ణయం తీసుకున్నాక ఊరేగింపుల్లో ఆడవాళ్ళు ఎండలో నడిచారు. మరి వేదికల మీద ఎంతమంది కూర్చున్నారు? సభకి జనం కావాలంటే ఆడవాళ్ళు, నిర్ణయానికి మాత్రం మగవాళ్ళా? "ఆడోళ్ళకి నాయకత్వం ఏటి?" అనే మాట మన పేటల్లోనూ వినిపిస్తోంది. 1942 జులైలో నాగపూరులో వేలాది దళిత స్త్రీల సభలో బాబాసాహెబ్ మాట్లాడాడు. ఒక జాతి ఎంత ఎదిగిందో ఆ జాతి ఆడవాళ్ళ ఎదుగుదలని బట్టే కొలుస్తానన్నాడు. ఆయన ఫోటోకి దండ వేసి ఆ కొలత మర్చిపోతే ఎలా?

అందుకే మేము మూడు కోరుతున్నాం. ప్రతి పేట కమిటీలో సగం మంది ఆడవాళ్ళుండాలి. చందాల లెక్కల పుస్తకం వాళ్ళ చేతికివ్వాలి. కుళాయి నీళ్ళ వేళ, వంట వేళ మీటింగు పెట్టి, ఆడవాళ్ళు రాలేదని అనకూడదు.

గున్నమ్మ పేరు మిగిలింది. ఆమెతో నడిచిన ఆడవాళ్ళ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ఇవాళ నడుస్తున్న వాళ్ళ పేర్లయినా రాసి పెడదాం. రాసే పని ఆడపిల్లలే చెయ్యాలి.

జై భీమ్!