పది సెకండ్ల పాత్ర



అమెరికాలో ఇ-ము కంపెనీవారు 1987లో ఎస్.పి.-1200 అను డ్రమ్ము యంత్రమును వెలువరించిరి. అది బయటి ధ్వనిని గ్రహించి, మీట నొక్కినపుడు మరల వినిపించును. కాని యందు పట్టునది మొత్తము 10 సెకండ్ల ధ్వనియే. ఒక్కొక్క ఖండము రెండున్నర సెకండ్లకు మించరాదు. మూడు సెకండ్ల వాద్యఖండమును దాని కెక్కించుట యెట్లు?

న్యూయార్కు నగరమున హిప్-హాప్ అను నూతన సంగీతమును కూర్చువా రొక యుపాయమును వాడిరి. నిమిషమునకు 33 చుట్లును మూడవ వంతును తిరుగవలసిన గ్రామఫోను రికార్డును 45 చుట్ల వేగమున త్రిప్పిరి. మూడు సెకండ్ల ఖండము రెండుంబావు సెకండ్లలోపలనే ముగిసెను, శ్రుతియు హెచ్చెను. దానిని యంత్రమున కెక్కించి, పిదప శ్రుతి దించి వాయింపగా తొల్లింటి వేగమును శ్రుతియు మరల వచ్చెను.

లాభమున్నచోట నష్టమును గలదు. ఈ యంత్రము సెకండునకు సుమారు 26,000 మార్లు ధ్వనిని కొలుచును. ఈ యుపాయమున అసలు ధ్వనిలో సెకండునకు దక్కు కొలతలు సుమారు 19,000 మాత్రమే. అందుచే తారస్థాయి మెఱుగులు తగ్గి, నాదమున గరుకుదనము చేరును. వింత యేమన, ఆ గరుకుదనమునే వారు గుణముగా మెచ్చిరి. చోటు విస్తారముగాగల యంత్రములు వచ్చిన పిమ్మటను దీనిని వెదకి కొనువారు కలరు.

కుంచమును కుదిపి కొలిచిన గింజ లెక్కువ పట్టును. ఇచ్చట మాత్రము కుదిపినకొలది కొన్ని గింజలు రాలును. ఏవి రాలినను కొఱత లేదో, చెవి తెలిసినవాడే యెఱుగును.