తాళం వేసిన దేవాలయము



ఇంగ్లాండులోని పాత గ్రామ దేవాలయాలు ఒక్క తరంలో కట్టినవి కావు. తాతలు స్తంభాలు నిలిపితే, మనుమలు గోపురం లేపారు. డెర్బీషైర్ కొండల్లో ఈయమ్ అనే ఊరిలో పరిశుద్ధ లారెన్స్ పేరిట ఉన్న దేవాలయము అలాంటిదే. దాని ఆవరణలో నిలిచిన చెక్కడపు రాతి సిలువ సుమారు 8వ శతాబ్దపుది, ఇప్పుడున్న గోడలకంటే పాతది. కాడలో కొంత భాగం పోతే, తలభాగాన్ని మిగిలినదాని మీదే నిలబెట్టారు.

1665 సెప్టెంబరులో లండన్ నుండి ఆ ఊరి దర్జీ ఇంటికి బట్టల మూట ఒకటి వచ్చింది. దానితోనే ప్లేగు వచ్చిందని చెబుతారు. అప్పటి కాపరి విలియం మోంపెస్సన్. ప్రార్థన పుస్తకం విషయంలో చట్టానికి లోబడనందున 1662లో సేవనుండి తొలగించబడిన థామస్ స్టాన్లీ కూడా ఆ ఊరిలోనే ఉన్నాడు. చాలామంది సంఘస్థుల మనసు ఈ పాత కాపరి మీదే! ఇలాంటి ఇద్దరు ఒకచోట కూర్చోవడం ఎంత కష్టమో మన సంఘాలకు వేరే చెప్పాలా? అయినా కూర్చున్నారు. 1666 జూన్‌లో ఇద్దరూ కలిసి ప్రజలను ఒప్పించారు: ఎవరూ ఊరు దాటకూడదు, ఎవరి మృతులను వారే పాతిపెట్టుకోవాలి, దేవాలయానికి తాళం.

ఆరాధన బయట లోయలో జరిగింది. కుటుంబానికి కుటుంబం ఎడంగా నిలబడేది. పొలిమేర రాయి గుంటల్లో వెనిగర్ పోసి, అందులో నాణేలు ఉంచితే, పొరుగువారు ఆహారం పెట్టి వెళ్లేవారు. ఎలిజబెత్ హాన్‌కాక్ అనే తల్లి ఎనిమిది రోజుల్లో భర్తను, ఆరుగురు బిడ్డలను పాతిపెట్టింది. మొత్తం దాదాపు 260 మంది. ఊరిలోనే ఉండిపోవడం వల్ల మరికొందరు చనిపోయారనేవారూ ఉన్నారు. ఆ మాటను నేను తేలికగా తీసివేయలేను.

2020 మార్చిలో మన మందిరాలు మూతపడినప్పుడు, తాళం వేయడం అవిశ్వాసమని కొందరు అన్నారు. నేనూ అన్నాను. ఈయమ్ కథ చదివాక సిగ్గుపడ్డాను.

మోంపెస్సన్ తన పిల్లలను ముందే దూరం పంపాడు. భార్య క్యాథరిన్ మాత్రం ఆయనను విడిచి వెళ్లలేదు. 1666 ఆగస్టు 25న ఆమె కన్నుమూసింది. ఆమె సమాధి ఆ దేవాలయపు ఆవరణలో, ఆ పాత సిలువకు దగ్గరలోనే ఉంది.

ప్రార్థించుకుందాం.