ఆవిరికి తోడు ద్రావకము

చలికాలమున పేరిన నేతిని నిప్పుసెగకు కరగించుట మన యిండ్లలో నిత్యము చూచునదే. కెనడా దేశపు ఆల్బర్టా రాష్ట్రమున, భూగర్భములో ఇసుకతో కలిసియున్న బిటుమెన్ అను చిక్కని నూనెకును ఇదే ఉపాయము. రోజర్ బట్లర్ అను ఇంజనీరు 1970 దశకమున దీనికి మార్గము చూపెను. నేలకు సమాంతరముగా, సుమారు 5 మీటర్ల యెడముతో, ఒకదానిపై నొకటిగా రెండు బావులు త్రవ్వుదురు. పైదానినుండి ఆవిరి పంపగా, కరగిన నూనె క్రిందిదానిలోనికి జారును.

అయితే ఆవిరికి నీరును, నీటిని కాచుటకు సహజవాయువును విశేషముగా కావలెను, పొగయు మిక్కుటము. కావున ఆవిరితో బ్యూటేను వంటి ద్రావకమును కలుపు పద్ధతి వచ్చినది. జిడ్డుమరకను కిరసనాయిలు విడదీసినట్లు అది నూనెను పలుచబరచును. ఆవిరి తక్కువైనను పని సాగును. కాని ద్రావకము వెలగలది. భూమిలోనే నిలిచిపోయినచో లాభమును హరించును. పంపినదానిలో ఎంత తిరిగి చేతికి వచ్చుననుదానిపైననే ఈ పద్ధతి జయాపజయములు ఆధారపడియున్నవి.